99 మెగావాట్ల గాలి ఉంది, గ్రిడ్‌లోకి దారే దొరకడం లేదు

గాలివాటం_బెజవాడ
నేను విజయవాడలో ఒక చిన్న సలహా సంస్థలో పనిచేస్తున్నాను. మా క్లయింటు నంద్యాల జిల్లాలో ఒక గుట్ట మీద 33 గాలిమరలు పెట్టాలనుకుంటున్నాడు. ఒక్కొక్కటి 3 మెగావాట్లు. భూమి ఉంది. గాలి కొలిచే మాస్టు రెండేళ్లుగా నిలబడి ఉంది. అప్పిచ్చే బ్యాంకు కూడా ఉంది. ఆ కరెంటును ఎక్కడ కలపాలన్నదే తేలడం లేదు.

18 కిలోమీటర్ల దూరంలో రాష్ట్ర గ్రిడ్‌కు చెందిన 220 కేవీ (కిలోవోల్టుల) సబ్‌స్టేషన్ ఉంది. మ్యాపులో చూసి సంబరపడ్డాం. వెళ్లి అడిగితే ‘బే ఖాళీగా ఉంది కానీ బస్ నిండిపోయింది’ అన్నారు. బే ఖాళీగా ఉండి బస్ ఎలా నిండుతుందో మా యజమానికి వివరించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. రెండో దారి, 42 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్ర గ్రిడ్ పూలింగ్ స్టేషన్, అంటే పలు ప్లాంట్ల కరెంటును ఒకచోట చేర్చే సబ్‌స్టేషన్. అక్కడ చోటు ఇస్తారట, కానీ కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాక. అది మూడేళ్ల మాట. మరలు నిలబెట్టడానికి ఏడాదిన్నర చాలు. మిగిలిన ఏడాదిన్నర అవి గుట్ట మీద నిలబడి మేకలకు నీడనివ్వాలా?

ఈ లెక్కలు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దగ్గరి దారా, దూరపు దారా?

బందరురోడ్డు_బాటసారి
బస్ నిండిపోతే తర్వాతి బస్సు ఎక్కమని బస్టాండులో మాకు రోజూ చెబుతారు. మీకు చెప్పలేదా?

లోడ్‌ఫ్లో_లక్ష్మి
నవ్వులు పక్కన పెడితే, ఆ మాట నిజమే అయ్యుండవచ్చు. బే అంటే మీ లైను వచ్చి దిగే చోటు. అంటే బ్రేకరు, ఐసొలేటరు, కొలత పరికరాలు పట్టే స్థలం. బస్ అంటే అందరి లైన్లూ కలిసే ఉమ్మడి కడ్డీ. దిగడానికి చోటున్నా, అక్కడి నుంచి కరెంటు బయటికి వెళ్లే లైన్లు, పైన ఉన్న 400 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లు నిండి ఉంటే దిగి ప్రయోజనం లేదు. ఇంతకీ ఏ వేళకు నిండిందన్నారు? మధ్యాహ్నమా, రాత్రా? ఆ సబ్‌స్టేషన్‌కు సోలార్ ప్లాంట్లు ఎన్ని కలిశాయి?

గాలివాటం_బెజవాడ
@లోడ్‌ఫ్లో_లక్ష్మి వేళ సంగతి ఎవరూ చెప్పలేదండీ, నేనూ అడగలేదు. ‘నిండింది’ అన్నారు, తలూపి వచ్చాను. సోలార్ మాత్రం చుట్టూ కనుచూపు మేర ఉంది.

లోడ్‌ఫ్లో_లక్ష్మి
అయితే మీరు అడగవలసిన ప్రశ్న అదే. మళ్లీ వెళ్లండి.

ట్రిపింగ్_తాతయ్య
ముప్పై నాలుగేళ్లు లైన్ల మీదే గడిపి రిటైరయ్యాను, ఇప్పుడు పటమటలో మొక్కలకు నీళ్లు పోసుకుంటున్నాను. లక్ష్మి అమ్మాయి చెప్పింది నిజం. మీ యజమానికి అర్థం కావాలంటే ఒకసారి ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్లండి. ఆగస్టులో కృష్ణ నిండుగా వస్తుంది. అయినా బందరు కాలువలోకి దాని గట్లు ఆపగలిగినంత నీరే వదులుతారు. మిగిలింది గేట్లెత్తి సముద్రం పాలు చేయాల్సిందే. మీ గుట్ట మీద గాలి ఆ కృష్ణ, మీ లైను ఆ కాలువ. కాలువ పట్టనంత గాలి వస్తే గాలిమరల రెక్కలను గాలి పట్టకుండా తిప్పి ఉత్పత్తి తగ్గించమని, గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోను వస్తుంది. ఆ తగ్గించిన కరెంటుకు డబ్బు ఎవరిస్తారన్నదే తర్వాతి తగువు.

ఇంకొక మాట. 220 కేవీ లైనే ఎందుకని మీ యజమాని అడుగుతాడు, చూడండి. మరలో పుట్టేది 690 వోల్టుల దగ్గర. మర పక్కనే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి దాన్ని 33 కేవీకి పెంచి, అన్ని మరల కేబుళ్లనూ మీ సొంత పూలింగ్ సబ్‌స్టేషన్‌కు తెస్తారు. అక్కడ 220కి పెంచుతారు. 99 మెగావాట్లను 33 కేవీలోనే పంపితే సుమారు 1,730 ఆంపియర్లు, 220లో అయితే 260. నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే తీగ మీద 44 రెట్ల తేడా. ఖర్చు తగ్గుతుందని 33తో 18 కిలోమీటర్లు లాగుదామనే మహానుభావులను నేను చూశాను.

లోడ్‌ఫ్లో_లక్ష్మి
తాతయ్య గారూ, కాలువ పోలికతో నాకు పేచీ ఉంది. కాలువలో లాకు తిప్పితే నీరు మనం చెప్పిన వైపే పోతుంది. గ్రిడ్‌లో కరెంటుకు ఎవరూ దారి చూపలేరు. ఉన్న దారులన్నిటిలోకీ, ఏ దారిలో అవరోధం తక్కువైతే దానిలోకి ఎక్కువగా, ఒకేసారి పారుతుంది. మీరు నంద్యాలలో 99 మెగావాట్లు కలిపితే దానిలో కొంత భాగం ఎక్కడో కడప వైపు లైను మీద తేలి దాన్ని నింపేయవచ్చు. 18 కిలోమీటర్ల దగ్గరి సబ్‌స్టేషన్ ఖాళీగా కనిపించినా, 150 కిలోమీటర్ల అవతలి లైను అడ్డం పడవచ్చు. అందుకే లోడ్ ఫ్లో, అంటే ఏ లైనులో ఎంత పారుతుందన్న లెక్క, చేయకుండా మ్యాపు మీద స్కేలు పెట్టి దూరం కొలిచి నిర్ణయించడం పనికిరాదు.

ట్రిపింగ్_తాతయ్య
ఒప్పుకున్నాను. కాలువలను నేను పోలికకు తెచ్చాను, నువ్వు పరీక్షకు తెచ్చావు.

మిర్చియార్డు_బాబాయి
గుంటూరులో నేను చూసేది మిరపకాయల వ్యాపారం, కరెంటు కాదు. అయినా ఇది నాకు తెలిసిన కథలాగే ఉంది. ఫిబ్రవరి, మార్చిలో యార్డు ముందు బండ్లు వరుస కట్టినప్పుడు, సరుకు లేకుండా బండి మాత్రం తెచ్చి వరుసలో నిలబెట్టేవాడు ఒకడుంటాడు. తర్వాత తన చోటు అమ్ముకుంటాడు. ఇక్కడా అలాంటివాళ్లు ఉన్నారా?

నిప్పుకోడి_నల్లపాడు
ఉండకేం బాబాయి గారూ! దేశమంతా అదే గోల. గాలి లేదు, భూమి లేదు, దరఖాస్తు మాత్రం ఉంటుంది. అందుకే కేంద్ర గ్రిడ్‌కు 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లో వరుసలో నిలబడటానికే ఖరీదు పెట్టారు. దరఖాస్తు రుసుము 5 లక్షలు, మొదటి బ్యాంకు గ్యారంటీ 50 లక్షలు, ఆపైన మెగావాటుకు 2 లక్షల చొప్పున ఇంకొకటి. 99 మెగావాట్లకు ఆ ఒక్కటే 1 కోటి 98 లక్షలు. దానికి తోడు భూమి కాగితాలైనా చూపాలి, కొనుగోలు ఒప్పందమైనా చూపాలి, లేదంటే వాటి బదులు మరింత పెద్ద గ్యారంటీ కట్టాలి. బ్రిటన్‌లో కూడా ‘ముందు వచ్చినవారికి ముందు’ పద్ధతి వదిలేసి ‘ముందు సిద్ధమైనవారికి ముందు’ అనే పద్ధతికి మారుతున్నారు.

మిర్చియార్డు_బాబాయి
అంటే కాయ ఎండి బస్తాలకెక్కితేనే టోకెను అన్నమాట. యార్డులో కూడా పెడితే బాగుండు.

పొలంగట్టు_పల్నాడు
మీరంతా బస్, బే, టోకెన్లు అంటున్నారు. ఆ లైను ఎవరి నెత్తి మీద నుంచి పోతుందో ఒక్కరూ అడగలేదు. నాకు నరసరావుపేట వైపు నాలుగెకరాలు ఉంది. ఐదేళ్ల కిందట దాని మధ్య నుంచి టవర్ లైను వెళ్లింది. పత్తి చేలో, కాయ పగిలే రోజుల్లో, జేసీబీతో వచ్చారు. ముందు నోటీసు లేదు. టవరు కాళ్ల కింద పోయిన సెంట్లకు ఎంతో కొంత ఇచ్చారు. తీగల కింద పోయిన దానికి ఇచ్చింది చెప్పుకుంటే సిగ్గు. ఇల్లు కట్టుకోకూడదు, కొబ్బరి చెట్టు వేయకూడదు, బోరు వేయాలంటే రిగ్గు తీగలకు తగులుతుందని ఎవడూ రాడు. ఆ పొలం తాకట్టు పెట్టబోతే సగం విలువే కట్టారు. సంస్థ పేరు చెప్పను, కేసు నడుస్తోంది.

@గాలివాటం_బెజవాడ మీ 18 కిలోమీటర్లు ఎన్ని ఎకరాలో లెక్క వేశారా?

గాలివాటం_బెజవాడ
ఇప్పుడే వేశాను. 220 కేవీకి దారి వెడల్పు 35 మీటర్లు. 18 కిలోమీటర్లకు 63 హెక్టార్లు, అంటే సుమారు 155 ఎకరాలు తీగల కిందికి వస్తాయి. 350 మీటర్లకొక టవరు అనుకున్నా 50 దాటుతాయి. 42 కిలోమీటర్లయితే 363 ఎకరాలు. నిజం చెప్పాలంటే మా నివేదికలో ఇది ‘దారి హక్కు’ అనే పేరుతో ఒకే ఒక్క వరుసలో ఉంది.

పొలంగట్టు_పల్నాడు
ఆ ఒక్క వరుస కిందే నా నాలుగెకరాలు ఉన్నాయి.

నిప్పుకోడి_నల్లపాడు
పల్నాడు అన్నగారి బాధ న్యాయమైనదే, కానీ నిబంధనలు కొంత మారాయి. 2015 అక్టోబరు నాటి కేంద్ర మార్గదర్శకాల్లో టవరు కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది దారికి 15 శాతానికి మించకుండా అన్నారు. 2024 జూన్‌లో సవరించి టవరు కింద 200 శాతం, దారికి 30 శాతం చేశారు.

పొలంగట్టు_పల్నాడు
దేనిలో 30 శాతం? రిజిస్ట్రేషను విలువలోనా, మా ఊళ్లో అమ్ముడుపోయే ధరలోనా? అసలు గొడవ అక్కడే. పైగా అవి మార్గదర్శకాలు. రాష్ట్రం అమలు చేయాలి, కలెక్టరు గారు నిర్ణయించాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చిన అధికారాలను 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద లైను వేసేవాడికి కట్టబెడతారు. తెల్లవాడు తంతి తీగ లాగడానికి రాసుకున్న చట్టంతో ఇప్పుడు మా పొలంలో ఉక్కు టవరు నిలబెడుతున్నారు. నేను వద్దు అనడం లేదు. పక్క పొలం మీదుగా పోయేదాన్ని నా మీదికి ఎందుకు వంచారో చెప్పమంటున్నాను.

ట్రిపింగ్_తాతయ్య
ఆ వంపులు ఎలా వస్తాయో నాకు తెలుసు. సర్వేలో ఒక గీత గీస్తాం. అది ఎవరిదో పెద్దమనిషి తోట మీదుగా వెళుతుంది. వారం తర్వాత అదే గీత కొంచెం ‘సాంకేతిక కారణాల వల్ల’ జరుగుతుంది. నేనూ అలాంటి కాగితాల మీద సంతకం పెట్టాను, కాదనను.

ఒక్క వంపుకు ఒక కోణం టవరు. మామూలు టవరు కంటే దాని ఉక్కు బరువు చాలా ఎక్కువ. కాబట్టి వంపులు తగ్గించమని రైతు అడిగితే అది లైను వేసేవాడికీ లాభమే.

బందరురోడ్డు_బాటసారి
ఈ చర్చలో మొదటిసారి ఒక ఇంజనీరు ‘నేనూ సంతకం పెట్టాను’ అన్నాడు. దీన్ని పైన అతికించండి.

కొండపల్లి_బొమ్మ
నాదొక మొండి ప్రశ్న. ఇంత కష్టపడి ఆ గాలి కరెంటు ఎందుకు? మాకు ఇబ్రహీంపట్నంలో 2,560 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఇంటి పక్కనే ఉంది. బొగ్గు వేస్తే కరెంటు వస్తుంది. గాలి మాత్రం తనకు ఇష్టమైనప్పుడే వస్తుంది.

లోడ్‌ఫ్లో_లక్ష్మి
బొగ్గు కూడా ఊరికే రాదు కదండీ, రైలెక్కి రావాలి. అయితే మీ ప్రశ్నలో అసలు విషయం ఒకటుంది. రాయలసీమలో గాలి ఎక్కువగా వీచేది నైరుతి రుతుపవనాల్లో, జూన్ నుంచి సెప్టెంబరు వరకు. అప్పుడే వర్షాలు పడి వ్యవసాయ పంపులు ఆగుతాయి, ఏసీలు తగ్గుతాయి, వాడకం పడిపోతుంది. అప్పుడే శ్రీశైలానికి వరద వస్తుంది. కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్తును నడపకపోతే నీరు వృథా. గాలి, నీరు రెండూ ఒకేసారి వస్తే ఎవరో ఒకరు తగ్గాలి. తగ్గేది థర్మల్. 800 మెగావాట్ల యూనిట్‌ను 55 శాతానికి దించితే 440. అంతకంటే కిందికి దించాలంటే బాయిలర్‌లో మంట నిలకడ కోసం నానా తంటాలు పడాలి. పూర్తిగా ఆపితే రేపు సాయంత్రానికి మళ్లీ అందుకోవడం కష్టం. కాబట్టి గాలి మరను ఎక్కడ కలపాలన్నది నంద్యాల ప్రశ్న మాత్రమే కాదు, మీ ఇబ్రహీంపట్నం ప్రశ్న కూడా.

కొండపల్లి_బొమ్మ
సరే, ఆ కోణం నాకు తట్టలేదు. అయినా సాయంత్రం ఏడింటికి గాలి ఆగిపోతే?

ట్రిపింగ్_తాతయ్య
సీజన్‌లో సాయంత్రానికి గాలి పుంజుకునే రోజులే ఎక్కువ. ఆగిన రోజు ఆగుతుంది. దానికే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి లాంటివి. మిగులు ఉన్నప్పుడు నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదలడం. దానికీ లైను కావాలి మరి, అది మరచిపోకండి.

ఇక అంచనాల సంగతి. ఇప్పుడు గాలి, సోలార్ వాళ్లు రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత ఇస్తారో ముందే చెప్పాలి. తప్పితే జరిమానా. నా కాలంలో లాగ్ పుస్తకంలో ‘గాలి బాగుంది’ అని రాస్తే సరిపోయేది.

తెనాలి_నుంచి_డాలస్
నేను టెక్సస్‌లో ఉంటున్నాను, అక్కడి సంగతి ఒకటి చెబుతాను. పడమటి టెక్సస్‌లో గాలి, తూర్పున ఊళ్లు. మధ్యలో లైన్లు లేవు. గాలి కంపెనీలు ‘లైను వేస్తే మరలు పెడతాం’ అన్నాయి. లైను వేసేవాళ్లు ‘మరలు పెడితే లైను వేస్తాం’ అన్నారు. కోడి ముందా, గుడ్డు ముందా అన్నట్టు. 2005లో ఒక చట్టం చేసి, ముందు గాలి మండలాలను గుర్తించి, అక్కడికి మరలు రాకముందే లైన్లు వేశారు. సుమారు 5,800 కిలోమీటర్లు, 18,500 మెగావాట్లు మోసేలా. దాదాపు 700 కోట్ల డాలర్లు ఖర్చు, 2014 మొదట్లోకి పూర్తి. ఖర్చు వాడకందార్లందరి బిల్లుల్లో పంచారు. లైన్లు వచ్చాక మరలు పుట్టగొడుగుల్లా లేచాయి.

మిర్చియార్డు_బాబాయి
కాయ రాకముందే కోల్డ్ స్టోరేజి కట్టినట్టు. గుంటూరులో అన్ని కోల్డ్ స్టోరేజీలు లేకపోతే ఇంత మిర్చి ఇక్కడికి వచ్చేదే కాదు.

నిప్పుకోడి_నల్లపాడు
బాబాయి గారూ, కాయ రాకపోతే ఆ స్టోరేజి అప్పు ఎవరు తీర్చాలి? టెక్సస్‌లో అందరి బిల్లులో వేశారు. మన దగ్గర యూనిట్‌కు పది పైసలు పెరిగితే ధర్నాలు. ముందే లైను వేసి మరలు రాకపోతే దాన్ని ‘తెల్ల ఏనుగు’ అంటారు, మరలు వచ్చి లైను లేకపోతే ‘ప్రణాళిక లేదు’ అంటారు. రెండు తిట్లూ ఒకే పత్రికలో పడతాయి.

ట్రిపింగ్_తాతయ్య
మన దగ్గర అసలు చేయలేదనడం సరికాదు. గ్రీన్ ఎనర్జీ కారిడార్ మొదటి దశలో ఎనిమిది రాష్ట్రాలుంటే దానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కేంద్రం 40 శాతం గ్రాంటు, జర్మనీ బ్యాంకు అప్పు 40 శాతం, మిగతా 20 రాష్ట్రం. ఉరవకొండ, జమ్మలమడుగు లాంటి చోట్ల 400 కేవీ సబ్‌స్టేషన్లు గాలి కోసమే చూసుకొని పెట్టినవి. 2022 జనవరిలో రెండో దశకు ఏడు రాష్ట్రాలను తీసుకున్నారు, దానిలో మనం లేము. ఎందుకు లేమన్నది రాస్తే ఇక్కడ కత్తులు దూస్తారు.

కృష్ణలంక_కేక
తాతయ్య గారూ, దూయాల్సిందే! 2019లో పాత ఒప్పందాలన్నీ తిరగదోడిన తర్వాత ఎవడు పెట్టుబడి పెడతాడు? బ్యాంకులు మన రాష్ట్రం పేరు చెబితేనే

నిర్వాహకుడు
పై పోస్టులో మిగతా భాగం తొలగించాను, దానికి వచ్చిన పదకొండు జవాబులూ తొలగించాను. 2019లో గాలి, సోలార్ కరెంటు కొనుగోలు ఒప్పందాల ధరల పునఃసమీక్ష జరిగింది, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందాల్లోని ధరలే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఇంతవరకు వాస్తవం. ఆపైన ఏ పార్టీ ఎందుకు అన్నది వేరే గదిలో మాట్లాడుకోండి. ఇంకొక విన్నపం, రాయలసీమలో గాలిమరలను ‘ఫ్యాన్లు’ అంటారని నాకూ తెలుసు, ఆ పదం మీద హాస్యాలు ఇక చాలు.

మూడోసంవత్సరం_ట్రిపుల్‌ఈ
గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాను. అడ్డం వస్తున్నందుకు క్షమించండి. లైను సామర్థ్యం సరిపోతే చాలా? మా సారు ‘బలహీనమైన గ్రిడ్’ అని ఏదో చెప్పారు, అర్థం కాలేదు.

లోడ్‌ఫ్లో_లక్ష్మి
చాలదమ్మా. మంచి ప్రశ్న. మీరు కలిపే చోట షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం, అంటే వోల్టేజిని కదలకుండా పట్టి ఉంచే బలం, ఎంతో చూడాలి. పెద్ద థర్మల్ కేంద్రాల దగ్గర అది ఎక్కువ, మారుమూల గుట్టల దగ్గర తక్కువ. అలా తక్కువగా ఉంటేనే ‘బలహీనమైన గ్రిడ్’ అంటారు. తక్కువగా ఉన్నచోట మరల నియంత్రణ వ్యవస్థలు వోల్టేజిని చూసి స్పందిస్తే, ఆ స్పందనకే వోల్టేజి కదిలి, మళ్లీ అవే స్పందించి, ఊగుడు మొదలవుతుంది. బలమైన చెట్టుకు ఊయల కడితే ఊయలే ఊగుతుంది. బలహీనమైన కొమ్మకు కడితే కొమ్మా ఊగుతుంది. విరుగుడుగా వోల్టేజిని నిలకడగా ఉంచే స్టాట్‌కామ్ అనే పరికరం పెడతారు.

రెండోది, వోల్టేజి ఒక్కసారిగా పడిపోయినప్పుడు మర విడిపోకుండా పట్టుకొని ఉండాలి. మన దేశంలో నిబంధన ప్రకారం గ్రిడ్ వోల్టేజి 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్ల వరకు మర నిలబడాలి. ఎక్కడో పిడుగు పడి ఒక లైను కొట్టుకుంటే, రక్షణ పరికరాలు దాన్ని విడదీసేలోపు ఆ చుట్టుపక్కల వోల్టేజి పడుతుంది. ఆ క్షణంలో మరలన్నీ భయపడి విడిపోతే చిన్న లోపం పెద్ద అంధకారం అవుతుంది.

తెనాలి_నుంచి_డాలస్
దక్షిణ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరు 28న అచ్చం అదే జరిగింది. తుఫానుకు టవర్లు కూలాయి. రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజి పడింది. మరలు మొదట నిలబడ్డాయి. కానీ వరుసగా కొన్నిసార్లకు మించి పడితే విడిపోవాలని వాటి సాఫ్ట్‌వేర్‌లో ఒక అమరిక ఉంది. ఆ అమరిక ఉందని గ్రిడ్ నడిపేవాళ్లకే తెలియదు. 456 మెగావాట్లు పోయాయి, రాష్ట్రమంతా చీకటి.

ట్రిపింగ్_తాతయ్య
అందుకే నేను అనేది. మర అమ్మేవాడు ఇచ్చే కంప్యూటర్ నమూనా నిజమైనదో కాదో చూడకుండా అధ్యయనం మీద సంతకం పెట్టకూడదు. @గాలివాటం_బెజవాడ మీ మర కంపెనీ నమూనా ఇచ్చిందా, లేక ‘ఇదే రకం ఇంకో మరది వాడుకోండి’ అన్నదా?

గాలివాటం_బెజవాడ
రెండోదే అన్నారండీ. మీరు మా ఆఫీసులో ఏమైనా కెమెరా పెట్టారా?

బందరురోడ్డు_బాటసారి
తాతయ్య రిటైరవలేదు. మొక్కలకు నీళ్లు పోయడం ఒక వేషం.

నిప్పుకోడి_నల్లపాడు
అసలు విషయానికి వద్దాం. డబ్బు కోణం ఒకటి ఎవరూ చెప్పలేదు. కేంద్ర గ్రిడ్‌తో కలిపి బయటి రాష్ట్రాలకు అమ్మితే ఇంతకుముందు అంతర్రాష్ట్ర ప్రసార చార్జీలు పూర్తిగా మాఫీ. అది 2025 జూన్ 30 వరకు ఉత్పత్తి మొదలుపెట్టినవాళ్లకు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ 25 శాతం చొప్పున మాఫీ తరిగిపోతుంది. 2028 జూన్ దాటితే మామూలు గాలి ప్రాజెక్టుకు ఏమీ ఉండదు. కాబట్టి మూడేళ్లు వేచి ఉండి 42 కిలోమీటర్ల దారి పట్టడం అంటే టవర్ల ఖర్చు మాత్రమే కాదు. నా ఓటు 18 కిలోమీటర్లకే. రాష్ట్రంలోనే అమ్ముకోండి.

లోడ్‌ఫ్లో_లక్ష్మి
నిండిన బస్ మీద కలిపి రోజూ మధ్యాహ్నం కోతలు పడితే ఆ లెక్క తలకిందులవుతుంది. ఆయన ఇంకా ‘ఏ వేళకు’ అన్న ప్రశ్నకు జవాబు తేలేదు.

గాలివాటం_బెజవాడ
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. లక్ష్మి గారు చెప్పినట్టు మళ్లీ వెళ్లి ఏడాది మొత్తం లోడింగు వివరాలు అడిగి తెచ్చుకున్నాను. ఆవిడ అనుమానం నిజం. ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆ సబ్‌స్టేషన్ గొంతు దాకా నిండుతోంది. సూర్యుడు దిగగానే సగం ఖాళీ, రాత్రి తొమ్మిదికి దాదాపు నిర్మానుష్యం. మా మాస్టు లెక్కల్లో గాలి ఎక్కువ భాగం సాయంత్రం నుంచి తెల్లవారే దాకానే. అంటే దారి ఉంది, కానీ రాత్రి పూట.

అయితే ఆ రాష్ట్ర సబ్‌స్టేషన్‌లో ‘రాత్రికి మాత్రమే’ అనుమతి ఇచ్చే ఆలోచన ఇప్పట్లో లేదన్నారు. తిరిగి వస్తూ దారిలో టవర్లు లెక్కపెడుతుంటే ఒక 220 కేవీ లైను కనిపించింది. మా గుట్టకు అంత దగ్గర నుంచి పోతున్నది ఎవరిదా అని విచారిస్తే, ఒక సోలార్ ప్లాంటు వాళ్లు కేంద్ర పూలింగ్ స్టేషన్‌కు వేసుకున్న సొంత లైను! వాళ్ల ప్లాంటు మా పూలింగ్ సబ్‌స్టేషన్ స్థలానికి 9 కిలోమీటర్లే. రాత్రంతా ఆ లైను మీద పిచ్చుకలు కూర్చోవడం తప్ప పని లేదు.

లోడ్‌ఫ్లో_లక్ష్మి
అదీ! కేంద్ర గ్రిడ్ నిబంధనలకు 2025లో చేసిన సవరణ సరిగ్గా దీనికోసమే. సోలార్ వేళలకు ఒకరు, మిగతా వేళలకు ఇంకొకరు అదే అనుసంధానం వాడుకోవచ్చు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ల కోసం మూడేళ్లు ఆగనక్కర్లేదు.

నిప్పుకోడి_నల్లపాడు
పగలు వచ్చే గాలి మాటేమిటి? జూలైలో మధ్యాహ్నం కూడా హోరున వీస్తుంది. అది వదులుకుంటే అప్పు కిస్తీ కట్టగలరా?

లోడ్‌ఫ్లో_లక్ష్మి
జూలైలో గాలి హోరున వీచే రోజు ఆకాశంలో మబ్బు కూడా ఉంటుంది, అప్పుడు సోలార్ తగ్గుతుంది. ఇద్దరి మొత్తం అనుమతి దాటకుండా చూసుకుంటే పగటి గాలిలో కొంత దొరుకుతుంది, కాకపోతే అది సోలార్ వాళ్ల అంగీకారంతో, నిబంధనలకు లోబడి. ఎంత దొరుకుతుందో వాళ్ల ఉత్పత్తినీ మీ మాస్టునూ 15 నిమిషాల చొప్పున పక్కపక్కన పెట్టి చూడండి. నెలవారీ సగటులు చూడొద్దు, సగటులో ఇద్దరూ మంచివాళ్లలాగే కనిపిస్తారు.

మిర్చియార్డు_బాబాయి
పగలు ఒక వ్యాపారి, రాత్రి ఇంకొక వ్యాపారి ఒకే గోడౌను. గుంటూరులో ఇది పాత విద్యే. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం ముందే రాసుకోండి.

గాలివాటం_బెజవాడ
అదే జరుగుతోంది బాబాయి గారూ. మొన్న బెంజి సర్కిల్ దగ్గర సోలార్ వాళ్ల మనిషితో కూర్చున్నాను. పెసరట్టు తినేటప్పుడు అన్నింటికీ సరే అన్నారు. కాఫీ వచ్చేసరికి మూడు పేచీలు తేలాయి. లైను ట్రిప్ అయితే ఇద్దరి నష్టం ఎవరు భరించాలి, మీటరు ఎక్కడ పెట్టాలి, అంచనా తప్పినప్పుడు జరిమానా ఎలా పంచాలి. మూడోది మా ఇద్దరికీ తెగలేదు. అయినా మా యజమాని ఒప్పుకున్నాడు. 42 కిలోమీటర్లు 9కి దిగింది కదా.

ట్రిపింగ్_తాతయ్య
ఆ లైను తీగ ఏ రకమో చూశారా? సోలార్ వాళ్లది ఎన్ని మెగావాట్లు? లైను మధ్యలో ముక్క చేసి కలపకండి, వాళ్ల పూలింగ్ సబ్‌స్టేషన్ బస్ మీదికే వెళ్లండి. మధ్యలో కలిపితే రక్షణ రిలేలు ఎవరి లోపం ఎవరిదో తెలియక కొట్టుకుంటాయి.

గాలివాటం_బెజవాడ
వాళ్ల బస్ మీదికే. చోటు ఉంది, ఈసారి బే, బస్ రెండూ అడిగాను.

పొలంగట్టు_పల్నాడు
9 కిలోమీటర్లంటే 78 ఎకరాలు. ఎవరివి?

గాలివాటం_బెజవాడ
ఇరవై ఆరు మంది రైతులు. ఎక్కువ శనగ, కొంత పత్తి. సర్వే గీత ఇంకా గీయలేదు. ఈ ఆదివారం ఊరికి వెళ్లి ముందు వాళ్లతో కూర్చుందామని మా యజమానిని ఒప్పించాను. మీరూ వస్తారా? రైతులు ఏమడుగుతారో మాకంటే మీకే బాగా తెలుసు.

పొలంగట్టు_పల్నాడు
వస్తాను. కానీ నేను వాళ్ల పక్కన కూర్చుంటాను, మీ పక్కన కాదు.

ట్రిపింగ్_తాతయ్య
నన్నూ ఎక్కించుకోండి. శనగ కోత అయ్యేదాకా పునాదులు తవ్వకూడదని ఒప్పందంలో రాయించాలి. దారిలో తినడానికి పులిహోర నేను తెస్తాను.

బందరురోడ్డు_బాటసారి
బస్సులో చోటుందా, నిండిపోయిందా?